మన సిస్టమ్ అంటే ఎవరిది

ఒక్క అబద్ధమూ ఆడకుండా, అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పి, ఒక మనిషి ఉద్యోగం తీయించడం సాధ్యమేనా? మీరేమంటారో నాకు తెలియదు. సాధ్యమేనని నేనంటాను. వాదన కోసం అనడం లేదు. ఆ పని నేను చేశాను.

కొత్త శతాబ్దపు మొదటి సంవత్సరాలవి. గుంటూరులో, మిర్చి యార్డుకు వెళ్ళే రోడ్డు మీద, ఒక ఎరువుల కొట్టు పైన మా హాలు ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది మంది ఆపరేటర్లు, అద్దాల గదిలో ఒక మేనేజరు. కింద నుంచి పురుగుమందు వాసన, రోడ్డు మీద నుంచి మిరప ఘాటు. ఎవరు తుమ్మినా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. విత్తనం మొలవలేదనో, చెట్టు ఏపుగా పెరిగినా కాయ పట్టలేదనో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు రాసిచ్చిన ఫిర్యాదులను కంప్యూటరుకెక్కించడం అక్కడి పని. పని ప్రభుత్వానిది, చేయించేది ఒక ప్రైవేటు సంస్థ.

పని జరిగే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పు అందులోనే జరిగింది. రైతులు రాసిన కాగితాలు స్కానై, బొమ్మలుగా మా ముందున్న కంప్యూటర్లలో ఉండేవి. వాటిని చూసి వివరాలు కొట్టవలసింది మాత్రం హైదరాబాదులోని పెద్ద కంప్యూటరులో. దాని తెర వచ్చి మా తెరను నిండుగా కప్పేది. అంటే గుంటూరులో కూర్చున్న మనిషి కళ్ళెదుట ఉన్నది హైదరాబాదు కంప్యూటరు, మోకాళ్ళకు తగులుతున్నది గుంటూరు కంప్యూటరు. ఆల్ట్, ట్యాబ్ మీటలు కలిపి నొక్కితే హైదరాబాదు పక్కకు తప్పుకుని, కాగితం బొమ్మ ముందుకొచ్చేది. ఎంటర్ నొక్కితే తర్వాతి కాగితం. మళ్ళీ ఆల్ట్, ట్యాబ్, మళ్ళీ హైదరాబాదు. రోజంతా ఇదే రాకపోకలు.

నేను అప్పుడే డిగ్రీ ముగించి వచ్చాను. కళాశాలలో మూడేళ్ళూ డిబేట్ జట్టులో ఉన్నాను. సమాచారం తెలుసుకోవడం ప్రతి పౌరుడి హక్కు అనే విషయం మీద మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మా అధ్యాపకులు నేర్పిన సూత్రాలు మూడు: విషయంలోని పదాలకు ముందు నిర్వచనం చెప్పు, అడిగినదానికే జవాబివ్వు, అడగని మాట నీ అంతట నువ్వు ఎదుటివాడి చేతిలో పెట్టకు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి గనుక ఆ హాలులో ఉత్తరాలు రాయడం, హైదరాబాదుతో ఫోన్లో మాట్లాడటం, కంప్యూటర్లలో వాళ్ళు చెప్పిన మార్పులు చేయడం నా పనులయ్యాయి.

ఎనిమిది మందిలో చేతివేగం ఎక్కువున్నది ఒక ఆవిడకు. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. పొన్నూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. మిషన్ బడిలో చదివి, టైపు లోయరూ హయ్యరూ రెండూ పాసైంది. ఒకసారి మధ్యాహ్నం భోజనాల దగ్గర, "మా అమ్మమ్మ మిరప కోతకే పోయింది, మా అమ్మా మిరప కోతకే పోయింది. మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని పని చేసింది నేనొక్కదాన్నే తమ్ముడూ" అని చెప్పింది. ఏడాది నిండినవారికి ఉద్యోగం ఖాయం చేస్తూ ఆర్డరు ఇస్తామని మేనేజరు చెప్పి ఉన్నాడు. ఆమెకు ఏడాది నిండడానికి నెల కూడా లేదు.

ఆ నెలలోనే ఒక ఉదయం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ సర్వర్ చూసుకునే ఆయన.

"బ్రదర్, కొత్త ప్రోగ్రాం ఎక్కించాం. ఇందులో ఎంట్రీ ఫారం ఒకటి, ఫిర్యాదుల జాబితా ఒకటి, రెండూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఒకదాన్నుంచి ఒకదానికి ఆల్ట్ ట్యాబ్‌తో మారాలి. మీ వాళ్ళు నొక్కితే అది మీ దగ్గరే ఆగిపోతోంది, ఇటు రావట్లేదు. కీలన్నీ మన సిస్టమ్‌కి వచ్చేలా పెట్టెయ్యండి."

"అంటే సర్వర్‌కి."

"అదే, మన సిస్టమ్‌కి. మీ వాళ్ళు బయటికి రావాలంటే పైన పట్టీ ఉంటుంది, దాని మీద క్లిక్ చేసి ఈ తెరను కిందికి దించాలి. ఆ సంగతి కూడా చెప్పండి."

నేను రాసుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఎనిమిది కంప్యూటర్ల దగ్గరికీ వెళ్ళి ఆ అమరిక తెరిచాను. మూడు ఎంపికలుండేవి: మీటల కలయికలు ఈ కంప్యూటరుకు వర్తించాలా, దూరపు కంప్యూటరుకు వర్తించాలా, తెర నిండుగా ఉన్నప్పుడు మాత్రమే దూరపుదానికి వర్తించాలా. రెండోది ఎంచుకుని వచ్చాను.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. మా వైపు కొత్తవారు కనబడితే మీ ఊరేది అని అడగరు, అది మర్యాద కాదు. "మనది ఏ ఊరండీ?" అంటారు. అక్కడ మన అంటే ఎదుటివాడిది. పొలం గట్టు మీద ఇద్దరు నిలబడి మన కాలవ అంటే ఇద్దరిదీ. పెద్ద రైతు తన పాలేరుతో మన ఎద్దులు అంటే అతని ఒక్కడివే. మాట ఒకటే; ఎవరిదన్నది నిలబడిన చోటును బట్టి తెలుసుకోవలసిందే. హైదరాబాదు ఆయన మన సిస్టమ్ అన్నప్పుడు, ఆ మనలో నన్నూ కలుపుకున్నందుకు నాకు గర్వం కలిగింది. ఆ గర్వంతోనే భోజనాలు చేస్తున్న చోటికి వచ్చి, అదే మాట, అదే ధోరణిలో అన్నాను.

"ఈరోజు నుంచి ఆల్ట్ ట్యాబ్ కీలన్నీ మన సిస్టమ్‌కే వెళ్తాయండీ."

ఆమె అన్నం డబ్బా మూత బిగిస్తూ, "ఇన్నాళ్ళూ ఎటు పోతున్నాయి, పొన్నూరుకా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మన సిస్టమ్ అంటే మనదేగా?" అని మళ్ళీ అడిగింది.

"మనదే అక్కా."

పదాలకు ముందు నిర్వచనం చెప్పమని వేదికల మీద ఎంతమందిని నిలదీశానో లెక్కలేదు. ఆమె అడిగింది నిర్వచనమే. నేను అదే పదం తిరగేసి ఇచ్చాను. పైన పట్టీ సంగతి చెప్పనే లేదు. మరిచిపోయానని రాస్తే సులువుగా ఉంటుంది. మరిచిపోలేదు. కాగితం జేబులోనే ఉంది. మీటలు కొట్టేవాళ్ళకు ఇదంతా ఎందుకు, ఇబ్బంది వస్తే నన్నే పిలుస్తారు గదా అనుకున్నాను. నన్ను పిలవడం నాకు ఇష్టంగా ఉండేది.

భోజనాల తర్వాత, అంతకు ముందే బొమ్మ చూసుకున్న ఫిర్యాదు కొట్టడం అయ్యే సరికి హైదరాబాదు లైను నిలిచిపోయింది. రోజూ నిలిచేదే. నిలవగానే ఏడుగురు చేతులు తీసి టీకి లేచారు. ఆమె లేవలేదు. లైను లేనప్పుడు ఆల్ట్, ట్యాబ్ నొక్కి గుంటూరు వైపు వచ్చి, రాబోయే కాగితాలు ముందే తిప్పి చదివి పెట్టుకోవడం ఆమె అలవాటు. ఆమె వేగం రహస్యమంతా అదే. ఆ రోజూ నొక్కింది. తెర కదల్లేదు.

"తమ్ముడూ, బొమ్మ రావట్లేదు."

"లైను లేదక్కా," అన్నాను, నా కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"లైను పోయింది హైదరాబాదుకు కదా. మనది ఎందుకు ఆగింది?"

జరిగిన తప్పు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే జవాబు నా జేబులోనే ఉంది. ఆలోచించలేదు. "ఇంకోసారి నొక్కి చూడక్కా," అన్నాను.

నొక్కింది. ఆల్ట్, ట్యాబ్, ఎంటర్. మళ్ళీ ఎంటర్. నేను చెప్పానని మళ్ళీ మళ్ళీ నొక్కింది. అవన్నీ దారిలో ఆగి నిలబడ్డాయి. లైను రాగానే ఒక్కసారిగా హైదరాబాదులో దిగాయి. అక్కడ ఆల్ట్, ట్యాబ్ తెచ్చేది కాగితం బొమ్మను కాదు, ఫిర్యాదుల జాబితాను. ఆ జాబితాలో ఎంటర్ నొక్కితే ఆ వరుసలోని ఫిర్యాదు ముగిసిపోతుంది; పక్కన 'ఫిర్యాదీ వెనక్కి తీసుకున్నారు' అన్న మాట చేరుతుంది. ఒక రైతు గోడును ఒక్క మీటతో ముగించేలా ఎవరు కట్టారని తర్వాత ఎవరూ అడగలేదు. తెర మీద ఏవో రెండు క్షణాలు గబగబా కదిలి, మళ్ళీ మామూలు ఫారమే వచ్చి నిలిచింది. ఆ తర్వాత కూడా బొమ్మ రాకపోతే అప్పుడు లేచి వెళ్ళి, "అలా కాదక్కా, పైన పట్టీ మీద క్లిక్ చేసి తెర దించాలి," అని ఆమెకూ, టీ నుంచి తిరిగొచ్చిన మిగతావారికీ చూపించాను.

"ముందే చెప్పొద్దా," అని ఆమె పనిలో పడిపోయింది.

పది రోజుల తర్వాత ప్రకాశం జిల్లా నుంచి నలుగురు రైతులు మెట్లెక్కి వచ్చారు. పెద్దాయన గుమ్మంలోనే నిలబడి గట్టిగా అడిగాడు.

"ఇక్కడ కంప్యూటరు రాసేదెవరయ్యా?"

మేనేజరు బయటికొచ్చాడు. "ఏం కావాలి పెద్దాయనా?"

"మండలాఫీసులో మా కాయితాలు మేమే వెనక్కి తీసుకున్నామంటున్నారు. నేను తీసుకున్నానా? ఏరా, నువ్వు తీసుకున్నావా?"

పక్కనున్నవాడు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "నా చేను చూసినోడు ఆ మాట అడగడు. మనిషెత్తు చెట్టు, ఒక్క కాయ లేదు. దాంతో పందిరేసుకుంటానని వెనక్కి తీసుకున్నానేమో," అన్నాడు.

వాళ్ళను మంచినీళ్ళిచ్చి పంపించాక హైదరాబాదుకు ఫోన్లు నడిచాయి. ఒకే ఊరి ఫిర్యాదులు పది దాకా, ఒకే నిమిషంలో ముగిశాయని తేలింది. ముగించిన పేరు ఆమెది. ఆ ఫిర్యాదులన్నింటినీ రెండు రోజుల్లో మళ్ళీ తెరిచారు. ఆ రైతుల కాగితాలకు ఏ నష్టమూ జరగలేదు. ఈ మొత్తం వ్యవహారంలో వెనక్కి తేలేకపోయింది ఒక్కటే, అది ఆ తర్వాతి వారం జరిగింది.

విచారణకు సంస్థ పెద్ద కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు. అద్దాల గదిలో ఆయన, మేనేజరు, ఎదురుగా నిలబడి ఆమె, తలుపు పక్కన నేను.

"ఏమ్మా, కీలు మార్చిన సంగతి నీకు చెప్పారా లేదా?"

"చెప్పారు సార్. మన సిస్టమ్‌కి వెళ్తాయన్నారు."

"మరి?"

"మన సిస్టమ్ అంటే ఇదనుకున్నా సార్. నా ముందున్నది."

ఆయన మేనేజరు వంక చూసి నవ్వాడు. "నీ ముందున్న డబ్బా మన సిస్టమ్ ఎట్లా అవుతుందమ్మా? మన సిస్టమ్ అంటే మన సర్వరు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, చెప్పావా నువ్వు?"

"చెప్పాను సార్."

"అందరికీ చెప్పావా, ఈమెకొక్కదానికేనా?"

"అందరికీ కలిపే చెప్పాను సార్."

"మిగతావాళ్ళ దగ్గర ఏమైనా తేడా వచ్చిందా?"

"రాలేదు సార్."

మూడూ నిజాలే. ఏ మాటల్లో చెప్పావని ఆయన అడగలేదు. ఆమె అర్థం అడిగితే నువ్వేం చెప్పావని అడగలేదు. నొక్కమన్నదెవరని అడగలేదు. అడిగినదానికే జవాబిచ్చాను, అడగని మాట ఆయన చేతిలో పెట్టలేదు. మూడేళ్ళ శిక్షణ మూడు వాక్యాల్లో అక్కరకొచ్చింది. ఆమె నా వైపు చూసింది. అది నిందించే చూపు కాదు. నేనింకా ఏదో చెప్పబోతున్నానని, ఆ వాక్యం కోసం ఆగినట్టు చూసింది. నేను నేల చూశాను.

రిపోర్టు నన్నే రాయమన్నారు, ఇంగ్లీషు నాదే గనుక. అచ్చు తీసి తెచ్చాక ఆమెను సంతకం పెట్టమన్నారు.

"ఇందులో ఏం రాశారు సార్?"

"జరిగిందే రాశారమ్మా. పెట్టు."

"తెలుగులో చెప్పండి, పెడతా."

మేనేజరు నాకు సైగ చేశాడు. నేను చదివి చెప్పాను: "మీటల మార్పు ఆపరేటర్లకు ముందుగా తెలియజేయబడింది. ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల ఫిర్యాదులు ముగించబడ్డాయి."

"తెలియజేయబడింది అంటే, ఎవరు తెలియజేసినట్టు?" అని అడిగింది.

మేనేజరు గోడ గడియారం చూశాడు. అధికారి కలం మూత తీసి అందించాడు. నేను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. చేసినవాడు కనబడకుండా వాక్యం కట్టడం ఎలాగో నాకు తెలుసు గనుకనే అలా కట్టాను. ఆ గదిలో దాన్ని పట్టుకున్నది ఆమె ఒక్కతే. సంతకం పెట్టింది. కుర్చీలో వేసుకునే దిండు ఇంటి నుంచి తెచ్చుకున్నది. దాన్ని సంచిలో కుక్కుకుని, అన్నం డబ్బా తీసుకుని మెట్లు దిగింది. ఏడాది నిండడానికి అప్పటికి పదకొండు రోజులుంది.

తర్వాతి సంవత్సరం ఆ సంస్థ పని మరో ఊరికి తరలించింది. నేను మంగళగిరిలో ఇంకో ఆఫీసులో చేరాను. ఆ ఉద్యోగానికి నా సర్టిఫికెట్టులో, బాధ్యత గల వ్యక్తి అని రాసి ఇచ్చారు. చేరాక ఎనిమిది నెలలకు, ఒక ఎండాకాలం ఆదివారం, ఆమె పల్లెకు వెళ్ళాను. గుంటూరు పొలిమేరల్లో కోల్డ్ స్టోరేజీ దగ్గర పనికి పోతోందని పక్కింటివారు చెప్పారు. అక్కడికి వెళ్ళాను.

రేకుల షెడ్డు కింద నలభై మంది ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ముక్కుకు గుడ్డలు కట్టుకున్నారు. మొహాలన్నీ ఒకేలా ఉన్నాయి. తొడిమ తుంచే వేళ్ళ వేగం చూసి ఆమెను గుర్తుపట్టాను.

"నువ్వా తమ్ముడూ. కూర్చో." వెంటనే, "వద్దులే, ప్యాంటుకు అంటుద్ది, రేపటిదాకా మండుద్ది," అంది.

పక్కనున్న ముసలమ్మ, "ఎవరే ఆ అబ్బాయి?" అని అడిగింది.

"నాకు కంప్యూటరు నేర్పినాయన."

కారం నా కళ్ళలోకి ఎక్కింది. దారి పొడుగునా కట్టుకున్న వాక్యాలన్నీ పక్కన పెట్టి చెప్పాను: ఆ రోజు నొక్కమన్నది నేనే, పట్టీ సంగతి చెప్పనిదీ నేనే, ఆ గదిలో ఆ మాట అనవలసిందీ నేనే.

"నువ్వు చెబితే తెలవాలా? నువ్వు చెప్పింది విన్నది నేనేగా."

"మరి నువ్వెందుకు అనలేదక్కా?"

"నేనంటే? నీ మాటా నా మాటా పక్కపక్కన పెడితే నాది నిలబడుద్దా? నువ్వే అంటావని చూశా." రెండు కాయలు తుంచి పక్కన వేసింది. "రెండు చోట్లకు పోయా తమ్ముడూ. రెండు చోట్లా టైపు పరీక్ష నాదే ముందు అయింది. రెండు చోట్లా పాత ఆఫీసుకు ఫోన్ చేశారు. నువ్వు రాసింది చదివి వినిపించారంట."

"ఇప్పుడు రాసిస్తాను. జరిగిందంతా రాసి, సంతకం పెట్టి ఇస్తాను."

"ఎవరికి పంపుతావు? ఆ హాల్లో ఇప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు."

అయినా రాశాను. ఈసారి నేను అని మొదలుపెట్టి ప్రతి వాక్యమూ రాశాను. ఒక ప్రతి సంస్థ పెద్ద కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. ముట్టినట్టు కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. ఇంకో ప్రతి ఆమెకిచ్చాను. మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, "తెలుగులో రాశావు, మంచిది," అంది. ఆ కాగితంతో ఆమెకు ఉద్యోగం రాలేదు. విచారణ ముగిశాక, ఫైలు మూశాక, ఆ ఫైలు ఉన్న గది కూడా లేకపోయాక ఇచ్చిన సాక్ష్యం ఎవరి ముందు పెట్టాలి? ఆమె ఇప్పటికీ తొడిమలే తీస్తోంది.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక కార్యాలయంలో పనిచేస్తూ ఉంటారు. మీ దగ్గర ఇప్పుడు ఎవరి మీదనైనా విచారణ జరుగుతూ ఉంటే, ఆ తప్పులో మీరు అన్న మాటో, అనకుండా మింగిన మాటో ఉందని మీకు తెలిసి ఉంటే, మిమ్మల్ని పిలిచేదాకా కూర్చోకండి. ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎవరు, ఎవరితో, ఏ మాటల్లో చెప్పారో అలాగే రాయండి. సంతకం పెట్టి, రేపు ఉదయం ఆఫీసు తెరిచే వేళకు ఇవ్వండి. ఇచ్చేముందు ఒక నకలు తీసి ఆ మనిషి చేతిలో పెట్టండి.